పద్నాలుగో కాలమ్

“ముందు శాంపిల్ చేసి తీసుకురా వెంకటేశూ, పది లీటర్లు చాలు. మిగతాది నేను చూసుకుంటా.”

ఇది మీ మాటే కదా మురళీధర్ సార్? ఇదే కుర్చీలో కూర్చొని చెప్తిరి. టీ గ్లాసు నా బీరు లైసెన్సు ఫైలు మీదే పెట్టినారు. ఇదో, అట్ట మీద మరక ఇంకా అట్లనే ఉంది.

ఏందీ, రాసి ఇయ్యలేదంటారా? నిజమే. మీరు రాసి ఇచ్చేవన్నీ ‘కుదరదు’, ‘మళ్లీ రావాలి’. చేస్తామనేది ఎప్పుడూ నోటి మాటే.

లేయొద్దు సార్, కూర్చోండి. ఐదు నిమిషాలు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు రావడం ఇది పదమూడోసారి. శిరివెళ్లలో బస్సు ఆగితే కండక్టరే అడుగుతాండాడు, “అన్నా, నీ బీరు ఇంకా పొంగలేదా” అని.

మీరడిగిన కాగితం ఏది తేలేదు నేను? ఫైర్ వాళ్లది తెచ్చినా. పొల్యూషన్ వాళ్లది తెచ్చినా. నీళ్ల పరీక్ష, ఇంజనీరు ముద్ర కొట్టిన ప్లాను, అన్నీ. బడికీ నా షెడ్డుకూ ఎంత దూరమో మీరే వచ్చి టేపుతో కొలిపిస్తిరి. ఆ టేపు రెండో కొస పట్టుకునింది సలోమక్కే. “ఇన్ని కాగితాలు నానబెడితే వేరే బీరెందుకప్పా, వీటికే మత్తెక్కుతాది” అనింది. ఆ పొద్దు మీరూ నవ్వినారు. గుర్తుందా?

ఆమె ఎవరో మీకు తెలుసు. నాటుసారా కాసి బతికిన మనిషి. రెండేళ్ల కింద తహసీల్దారు ముందర బైండోవర్ చేసినారు. ఇంకెప్పుడూ కాయను, కాస్తే జైలుకు పోతానని వేలిముద్ర వేసొచ్చింది. నిజంగానే మానేసింది సార్. మానినోళ్లకు సర్కారు ఏం పని చూపించింది? కూలికి పోతే, సారా సలోమి వచ్చిందని నవ్వినారు. అంతే.

నేనే పోయి పిలిచినా. కొర్రలతో బీరు చేద్దామక్కా, దొంగతనంగా కాదు, లైసెన్సుతో, బోర్డు పెట్టి చేద్దామంటి. మీ వీధిలో సారా మానిన పదిమంది ఆడోళ్లకూ పని అంటి. శ్రమకు తలవంపు లేదు, చట్టం పేదోళ్ల చేతికి రావాల, ఇంకా ఏమేమో అంటి. చదివిందంతా ఆమె ముందర పరిస్తి. ఆమె ఓపిగ్గా విని ఒకటే అడిగింది. “నా వేలిముద్ర ఆడ ఉంది కదప్పా. పులిసిన ఊట దగ్గర నన్ను చూస్తే ఊరుకుంటారా?”

ఆఫీసరే చేయమన్నాడక్కా అని చెప్పినా. మీ పేరే చెప్పినా సార్.

కొర్రలు నానబెట్టింది ఆమె. తడి గోనెపట్టల కింద మొలకెత్తించింది ఆమె. మొలక చాలిందా లేదా అని నేను పుస్తకం తిప్పుతాంటే, ఆమె గింజ పంటి కింద పెట్టి, “ఇంకో పూట ఆగాల” అనేది.

మంగళవారం పొద్దున పదకొండుకు మీ ఎక్సైజు డిపార్ట్‌మెంటు జీపే వచ్చింది. డ్రమ్ములో పది లీటర్లు, మీరు చెప్పినంతే. సారా కాసే బట్టీ లేదు, గొట్టం లేదు, ఆవిరి పట్టింది లేదు. వచ్చినాయన మూత తీసి వాసన చూసినాడు. ‘సారా ఊట’ అని రాసుకున్నాడు. డ్రమ్మును కాలితో తన్నినాడు. ‘గింజ మాది, చెమట మాది, రుచి మాది’ అని గోడ మీద నేను రాసిన అక్షరాల దాకా చిందింది.

మీకు నాలుగుసార్లు ఫోన్ చేసినా. ఎత్తలేదు.

సరే. ఇంతసేపూ మీ తప్పే చెప్పినా. నాది చెప్పలేదు.

“ఎవరిదిది?” అని ఆయన అడిగినప్పుడు నేను ఆడనే ఉన్నా. చేతిలో ఈ ఫైలే ఉంది. పద్నాలుగో కాలమ్ చూడండి. ‘దరఖాస్తుదారు మీద మద్యం కేసు ఏదైనా ఉందా?’ ‘లేదు’ అని రాసి సంతకం పెట్టింటి. ఉంటే లైసెన్సు రాదని మీరే చెప్పింటిరి. సలోమక్కకు చదువు రాదు, ఆ కాలమ్ ఆమెకు నేనే చదివి వినిపించింటి.

ఆమె నా మొఖం చూసింది. అర నిమిషం చూసిందేమో సార్. నేను నోరు తెరుస్తానేమోనని. తర్వాత వాళ్ల వైపు తిరిగి, “నాదే” అనింది.

జీపు ఎక్కుతా నా పక్కన ఆగి మెల్లగా చెప్పింది. “నీ పేరు ఇందులో పడనీయొద్దప్పా. మన లైసెన్సు పోతాది.”

మన లైసెన్సు అనింది సార్.

మీటింగుల్లో ఒక్కసారి తడబడని నోరు ఇది. ఆ పొద్దు లేవలేదు. లైసెన్సు నిలబడితే పదిమంది బతుకుతారు, అందుకే ఊరుకున్నా అని నాకు నేనే చెప్పుకుంటి. అదేం కాదు. భయమేసింది. అంతే.

నిన్న ఆమె కూతురు దెబోరా జైలు కాడ అమ్మను చూసి నేరుగా నా దగ్గరికొచ్చింది. “అన్నా, ఆ పొద్దు నువ్వు యాడుంటివి?” అని అడిగింది. ఊర్లో లేనని చెప్పినా.

అందుకే వచ్చినా. ధర్నా చేస్తామని ఒక కరపత్రం రాసుకుంటి, బస్సులోనే చించేసినా. ఇది మాత్రం తీసుకోండి. ఆ శాంపిల్ నాది, మీరు చేయమంటే చేయించినా అని రాసినా. పద్నాలుగో కాలమ్‌లో ‘లేదు’ కొట్టేసి ‘ఉంది’ అని పెట్టినా. లైసెన్సు నాకొద్దు. మీ మాట మీరు ఒప్పుకుంటారో, ఒప్పుకోరో మీ ఇష్టం. ఆమె పేరు తీసి నా పేరు రాయండి, అంత చాలు.

తలకాయ ఊపొద్దు సార్. ముద్ర కొట్టి, రాసి ఇయ్యండి. ఇరవై మూడున ఆమె బెయిలు కోర్టుకొస్తాది. దానికి ముందు రోజు సాయంత్రం ఐదు గంటల్లోపల నాకు జవాబు కావాల. డిసెంబరు ఇరవై రెండు.