పాట మీద మాట

అమెరికాలోని డులూత్‌లో మోకాలి లోతు మంచు పేరుకున్న పొద్దున, డోనట్ల కొట్లో మూలబల్ల దగ్గర అతను ముడుచుకుని కూర్చున్నాడు. కౌంటర్ మీది రేడియోలో అతని గొంతే "బయట ఎండ భలే కాస్తోంది!" అని హుషారుగా అరిచింది. కాఫీ పోస్తున్న కొట్టావిడ చెయ్యి ఆగిపోయింది.

"నువ్విక్కడుంటే అందులో వాగేదెవరు?"

"నేనే. స్టేషన్ కొన్న కొత్త ఓనర్లు పోయిన నెల నన్ను పీకేశారు. అంతకుముందే నాచేత బోలెడు కబుర్లు రికార్డు చేయించుకున్నారు. పాటకీ పాటకీ మధ్య వాటిని మిషనే వేసుకుంటుంది."

"ఆ పాతకాలం పోల్కా డాన్సు పాటలు వేసిన రోజుల నుంచీ ఉన్నావు కదయ్యా! డిస్కో వచ్చిపోయింది, రాక్ వచ్చిపోయింది, నువ్వు మాత్రం కదల్లేదు."

"ఇప్పుడూ నా గొంతు కదల్లేదు. నన్నే గెంటారు."

"ఐలీకి చెప్పావా?"

"పిచ్చా? రేడియో మోగినంతసేపూ మా ఆవిడ లెక్కలో నేను డ్యూటీలో ఉన్నట్టే."

"నీ మొహం. నిన్న మధ్యాహ్నం వచ్చి ఇదే బల్ల దగ్గర కూర్చుంది. ఎప్పుడో పట్టేసింది."

"మంచులో ఎండ అన్నందుకా?"

"వాతావరణం నువ్వెప్పుడు సరిగ్గా చెప్పి చచ్చావు గనక! పాడేవాళ్లు పాట ఎత్తుకునేలోపే ఠక్కున నోరు మూస్తున్నావట. అలా మూయించేది మిషనే అంది. ఇన్నేళ్లలో నీ వాగుడుతో వాళ్ల మొదటి ముక్క మింగకుండా ఒక్క పాటైనా వేశావా?"

అతను కప్పు పక్కకి జరిపాడు.

"ఏడ్చిందా?"

"నవ్వింది. పగలంతా ఇల్లు బోసిగా ఉంటోందట. ఇంటికొచ్చి తన మాటలకి అడ్డు తగలమంది."