పలక మీద ఒరవడి

అబ్బబ్బ, ఆ చిత్రిక పట్టడం కాసేపు ఆపు బాబాయ్! చెప్తుంటే నీక్కాదూ? పలక పెట్టిన ఈ అద్దాల పెట్టె ఎత్తు చాలదు. ఇంకో రెండు జానలు లేపాలి.

అవును, పొట్టిగా చెయ్యమన్నది నేనే. కాదన్నానా? పిల్లల కంటికి ఆనాలని మా పెద్దసారుతో నెల రోజులు పోట్లాడిందీ నేనే. ఆయన గోల ఆయనది. ప్రారంభోత్సవం ఫొటోలో పెట్టె తన నడుం దాకా కనపడాలట! ఊరి చరిత్ర మ్యూజియం అంటే ఆయనకి రిబ్బనూ కత్తెరా, అంతే. బళ్ళ నుంచి పిల్లలొస్తారు, ఏదైనా నేర్పాలి సార్ అంటే "బిస్కెట్లు పంచండి" అన్నాడు. నా తల ఎక్కడ బాదుకోను చెప్పు?

అందుకే అంతా నేనే నెత్తినేసుకున్నా. గదులు నేనే సర్దా, అట్టల మీద వివరాలు నేనే రాశా. ఈ పలక కోసం ఆ పెద్దావిడ ఇంటికి పదకొండుసార్లు తిరిగా. వాళ్ళ నాన్న ఇక్కడి మొదటి బడి మాస్టారు. రాత్రికి వరదొస్తుందనగా ఆ సాయంత్రం కూతురి పలక మీద ఒరవడి పెట్టిచ్చాడట: "రేపు పలకలు కడుక్కుని రండి." తెల్లారేసరికి బడీ లేదు, మాస్టారూ లేడు. ఎనిమిదేళ్ళ పిల్ల, ఆ పలక కడగలేదు. అరవై ఏళ్ళు గుడ్డలో చుట్టి దాచుకుంది బాబాయ్!

ఏంటలా చూస్తావ్? ఎత్తు పెంచమని వచ్చి కథ చెప్తోందేంటనా?

సరే, విను. నా కింద పనిచేసేవాళ్ళకి రోజూ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్తాను, ముందు ఫొటో తియ్యండి, తర్వాతే దుమ్ము దులపండి అని. పోయిన వారం బళ్ళకి ఆహ్వానం కాగితాలు పంపే హడావుడిలో నేనే అన్నీ తుడుచుకుంటూ పోయా. కుండ తుడిచా, తక్కెడ తుడిచా, లాంతరు తుడిచా... పలకా తుడిచా. తడిగుడ్డతో, ఒక్క తుడుపు. నా చేతులు పడిపోనూ! మాస్టారు చెప్పిన పని అరవై ఏళ్ళకి నేను చేసిపెట్టా.

ఎవరికీ చెప్పలా. బలపం తెచ్చి మళ్ళీ నేనే రాశా. మాటలు గుర్తున్నాయి. అక్షరాలంటావా, ఏవో గుండ్రంగా ఉండేవి.

పొద్దున పెద్దావిడ వచ్చింది. పెట్టె పొట్టిదేగా, వంగి దగ్గరగా చూసింది. పట్టేసిందనుకున్నా. తిట్టినా బాగుండేది. అద్దం మీద చెయ్యి పెట్టి "మా నాన్న రాతే" అంది. అవునమ్మా అన్నాను. అనేశాను బాబాయ్!

అందుకే ఎత్తు... వద్దులే, వదిలెయ్. ఎంత ఎత్తున పెడితే మాత్రం ఏం లాభం? రేపటి కార్యక్రమం నేను వేసిందేగా. నలభై మంది పిల్లలు, చేతికో పలక. మాస్టారి రాత అనుకుంటూ నా రాత దిద్దుతారు.