ఐదు కాదు, నాలుగు

హలో… ఆ, నేనే… చెప్పన్నయ్యా.

లేదు, ట్యూషన్ ఇంకా మొదలవలేదు. బల్లలు తుడుస్తున్నా. పిల్లలు వచ్చేలోపు చెప్పేయ్.

…ఆ, చూశాను. నీ లెక్కల పుస్తకం వదిన పంపింది. నా ట్యూషన్ పిల్లల దగ్గరా అదే. నూట పన్నెండో పేజీ, ఏడో లెక్క. జవాబు తప్పు… ఎవరు నిలదీశారు, మీ ప్రిన్సిపాలా?… స్టాఫందరి ముందా… తల కొట్టేసినట్టయి ఉంటుంది, పాపం.

నువ్వేమన్నావు?

…

ఓహో. నా నెత్తిన రుద్దేశావు.

లేదు, చెప్పు, వింటున్నా… ‘లెక్కలన్నీ చేసింది మా చెల్లెలు, నేను సరిచూసుకోలేదు’… మొదటి సగం నిజమే. మూడు వందల అరవై లెక్కలు, మూడేళ్లు, ఈ బల్ల మీదే… అవునులే, ముందుమాటలో వేశావు. ‘సహకరించిన కుటుంబ సభ్యులకు’ అని. చదివాను.

ఉత్తరమా?… తప్పు నాదేనని నేను సంతకం పెట్టాలి… లేకపోతే కాలేజీలో నీ పుస్తకం తీసేస్తారు… ఊఁ.

ఒక్కమాట అడగనా? ఆ లెక్క గుర్తుందా నీకు?… సరే, నేనే చెప్తా. మారే రేటు e పవర్ x. x సున్నా అయినప్పుడు విలువ ఐదు. ఇంటిగ్రేట్ చేస్తే e పవర్ x ప్లస్ C… ఆ, అక్కడిదాకా బాగానే ఉంది. ఇప్పుడు x బదులు సున్నా వెయ్యి. e పవర్ సున్నా ఎంత?… సున్నా కాదన్నయ్యా. ఒకటి.

ఒకటి ప్లస్ C, ఐదు. C ఎంత?

…

నాలుగు. నేను నాలుగే రాశాను.

ఎలా తెలుసంటే, కాగితం నా దగ్గరే ఉంది. నువ్వు దిద్ది పంపినవన్నీ సొరుగులో దాచాను. నా నాలుగు కొట్టేసి ఐదు చేశావు, ఎర్ర సిరాతో. పక్కన ‘జాగ్రత్త’ అని కూడా రాశావు, నాకు.

…ఉన్నావా?

నువ్వు కష్టపడలేదని ఎవరన్నారు? ఇద్దరం ఒక్కలాగే కష్టపడ్డాం. పెరిగే రేటు ఒకటే అయినా, మొదలైన చోటు వేరైతే రెండు గీతల మధ్య ఎడం ఎప్పటికీ తగ్గదు. రోజూ బోర్డు మీద వేసి చూపిస్తా పిల్లలకి. పది నిమిషాలు ముందు పుట్టావు కాబట్టి అన్నయ్యా అంటున్నా గానీ, మనది ఒకే క్లాసు, ఒకే పరీక్ష. ఒక్కరినే కాలేజీకి పంపుతానని నాన్న అన్నరోజు, ఇద్దరి మార్కుల లిస్టులూ ఆయన ముందే ఉన్నాయి. ఎవరికి ఎక్కువొచ్చాయో నువ్వూ చూశావు. నోరు మెదపలేదు.

…నిజమే, నీకప్పుడు పదిహేడేళ్లే.

నాకూ పదిహేడే.

…

చింపేయమంటావా? ఆ కాగితాన్ని?

…బతిమాలకు, నాకు బాధగా ఉంటుంది. సంతకం పెడతా. ఉత్తరం టైపు చేయించి పంపు. ‘లెక్కలన్నీ చేసింది నేనే’ అన్నచోట ఆపించు. దాని కింద పెడతా. మిగతాదానికి నీ ఎర్ర సిరా కాగితం జతచేస్తా.

…హలో?… అన్నయ్యా?…

రండమ్మా, కూర్చోండి. నూట పన్నెండో పేజీ తీయండి. ఏడో లెక్క జవాబులో ఐదు కొట్టేసి నాలుగు వేసుకోండి… పెన్సిలు వద్దు, పెన్నుతోనే.