సముద్రం పగులు మీద కూర్చున్న డెల్బర్ట్

శాంటా బార్బరా రేవులో కాఫీ కొట్టు. ధరిత్రీ దినానికి ఈ ఏప్రిల్‌తో ఇరవయ్యేళ్లు. ఆ రోజు ఊరేగింపు ముందు జెండా ఎవరు పట్టాలో తేల్చాల్సిన లూపే అక్కడే కూర్చుని కాఫీ తాగుతోంది. ఆ జెండా మీద పక్క బల్ల దగ్గరున్న డెల్బర్ట్‌కి మహా ఆశ. అందుకే ఆమెకు వినబడేలా, పడవలు బాగుచేసే ఎర్నెస్టోతో మొదలెట్టాడు.

"జెండా సంగతి నాకెందుకులే గానీ ఎర్నెస్టో, అరవై తొమ్మిదిలో ఇక్కడ సముద్రంలో చమురు బావి పగిలినప్పుడు నేనేదో కాస్త సాయం చేశాను, అంతే. ఒక్క గూడబాతుని కడిగాను. తారులో ముంచి తీసినట్టుంది పాపం. గిన్నెలు తోమే సబ్బు పెట్టి ముక్కు నుంచి తోక దాకా రుద్దితే తెల్లగా మెరిసిపోయింది."

"మన గూడబాతులు గోధుమరంగు కదా?"

"అంత గట్టిగా రుద్దాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది వెళ్లి చుట్టాలందరికీ చెప్పింది. తెల్లారేసరికి ఒడ్డున నాలుగు వందల గూడబాతులు వరసలో నిలబడ్డాయి, ఒకదాన్నొకటి తోసుకోకుండా."

"పక్షులు వరసలో నిలబడతాయా?"

"నువ్వు నిలబడవు, అవి నిలబడతాయి. ఊరంతా ఎండుగడ్డి పరిచి చమురు పీల్పిస్తుంటే, ఇలా పైపైన తుడిస్తే లాభం లేదు, కారేచోటే పట్టుకోవాలని రెండు గడ్డిమోపులు చంకన పెట్టుకుని దూకేశాను. అడుగున నేల నిలువునా పగిలి ఉంది. గడ్డి కుక్కాను, ఆగలేదు. ఏం చేస్తాం, నేనే దాని మీద కూర్చున్నాను. పదకొండు రోజులు."

"మరి ఊపిరి?"

"పీల్చుకునే వెళ్లాను కదా. తిండికంటావా, తిమింగలాలు ఆ దారినే మెక్సికో వెళ్తుంటాయి, వాటిలో ఓ ముసలిది రోజూ ఆగి నాలుగు చేపలు పెట్టిపోయేది. పన్నెండో రోజు వాషింగ్టన్ నుంచి పెద్దవాళ్లు పడవేసుకుని వచ్చి, డెల్బర్ట్ గారూ, లేవండి, ఏం కావాలో కోరుకోండి అన్నారు. నాకేం వద్దు, ఏడాదికో రోజు భూమి పేరున పెట్టండి, అప్పుడే లేస్తానన్నాను. ఏప్రిల్ ఇరవై రెండు సరిపోతుందా అన్నారు. సరే పొమ్మన్నాను. మరుసటేడు దేశమంతా వీధుల్లోకొచ్చింది, ఇప్పుడు ప్రపంచమంతా చేసుకుంటోంది. నేనెక్కడైనా చెప్పుకున్నానా?"

లూపే కప్పు కింద పెట్టింది.

"అప్పుడు నాకు పదేళ్లు, డెల్బర్ట్. మీరు మా ఇంట్లోనే మేడమీద గదిలో అద్దెకుండేవారు. ఆ ఏడు ఇసుకలో అడుగుపెట్టిన ప్రతివాళ్లూ నల్లటి పాదాలతోనే ఇంటికొచ్చేవారు. తుడుచుకోనిదే అమ్మ గడప దాటనిచ్చేది కాదు. గుమ్మంలో కిరసనాయిలు, గుడ్డ పట్టుకుని అందరి పాదాలూ నేనే తుడిచేదాన్ని. మీవి ఒక్కరోజు కూడా తుడవలేదు."

కొట్టులో ఎవరూ నవ్వలేదు. డెల్బర్ట్‌కి తల కొట్టేసినట్టయింది.

"ఆ పక్షులు చస్తుంటే చూడలేకపోయాను లూపే," అన్నాడు. "భయమేసి కిటికీ మూసుకుని కూర్చున్నాను."

"శనివారం పొద్దున్నే పిల్లలతో ఒడ్డు శుభ్రం చేయిస్తున్నాం. రండి."

"జెండా ఇస్తావా?"

"చెత్త ఏరే సంచి ఇస్తాను. చెప్పుల్లేకుండా రండి."