వెనక వరసలో లోవలక్ష్మి

"ఇంకోపాలి సెప్పు. ఈ ఫోటోకి పేరు రాసింది ఎవులు?"

"నాను కాదండీ గంగులుగారూ. నాను ముందు కౌంటర్లో కూకుంటాను, అంతే."

2006 వేసవి. నర్సీపట్నంలోని ఆ ఫోటో స్టూడియో షట్టర్ మధ్యాహ్నమే సగానికి దిగింది. ఫోటోల అంచులు కత్తిరించే కట్టర్ కింద సోమేష్ ఎడమచెయ్యి ఉంది. కట్టర్ పిడి గంగులు పిడికిట్లో ఉంది.

"నువ్వు కాపోతే నీ సిస్టంలోకి ఎలగొచ్చింది?"

"లోపల ఇంకో సిస్టం ఉందండీ. రెండింటికీ కేబులు కలిపీసాం. ఫోటోలో ఎవులున్నారు, ఏ ఊరు, ఎప్పుడు తీసాం, అన్నీ అక్కడ రాస్తే ఇక్కడా కనబడతాయి. మీలాటోలొచ్చి పేరు సెప్తే బేగి తీసిచ్చీవచ్చని."

"నాలాటోలు."

"తప్పుగా అన్నేదండీ. కొంచెం పైకెత్తండి, దిగిపోతంది."

"దిగాలనే పెట్టాను. నిన్న మా తమ్ముడు జోగులు ఆడి కూతురి ఓణీల ఫంక్షన్ ఫోటోలకొచ్చాడు. ఇక్కడే, నీ పక్కన కూకుని సూసాడు. లోవలక్ష్మి, మాకవరపాలెం అని రాసుంది. నా పెళ్లాంరా అది. ఏడాదై ఎతుకుతున్నాను. ఎవుల పెళ్లిలోనో వెనక వరసలో నిలబడి నవ్వుతంది. నా ఇంట్లో ఒక్కనాడైనా నవ్విందా?"

"నాకేటి తెలుసండీ."

"ఎప్పుటి ఫోటో?"

"పోయిన నెలదండీ. కింద తేదీ ఉంది."

"రాసినోల పేరూ ఉంటాదంట కదా. నొక్కు. ఆ రెండో సేత్తో నొక్కు."

"గంగులుగారూ, మీ కాళ్లు..."

"నొక్కు."

"దుర్గ."

"అదెవులు?"

"లోపల పని సేస్తాదండీ. ఆ గుంటకి పేర్లు కొట్టడం తప్ప ఏటీ తెల్దు."

"దుర్గా. ఓ దుర్గా. బయటికి రా."

"ఏటన్నా? ఓలమ్మ, సోమేసు సెయ్యెందుకలగ పెట్టావు? ఒగ్గీ అన్నా, ఒగ్గీ."

"ఆడే నిలబడు. ఇంకో అడుగేస్తే నొక్కీస్తాను. ఈ ఫోటోలో ఉన్నావిడ నీకు తెలుసా?"

"ఎవులు? ఆవిడా? తెల్దు."

"తెల్దా? పేరెలగ రాసావు?"

"పెళ్లోళ్లు సెప్తే రాసాను. పక్కన కూకుని ఇది మా అత్త, ఇది మా పిన్ని అని సెప్పుకుంటా పోతారు. నాను కొట్టుకుంటా పోతాను."

"ఎవులా పెళ్లోళ్లు?"

"గేపకం నేదన్నా."

"గేపకం తెచ్చుకో."

"బలిఘట్టం అనుకుంటాను. బలిఘట్టమోళ్లే."

"ఇక్కడ మాకవరపాలెం అని రాసి, బలిఘట్టం అంటావేటి?"

"తప్పు రాసుంటాను. రోజుకెన్ని రాస్తాను."

"దుర్గా, తెలిస్తే సెప్పీవే. ఈయన నిజంగానే నా సెయ్యి..."

"నువ్వుండు సోమేసూ. అన్నా, ఆవిడ దొరికితే ఏటి సేస్తావు? ఇంటికి తీసుకెల్తావా?"

"ఇంటికి తీసుకెల్తానని ఎవులన్నారు?"

"మరి?"

"మరేటి. ఎల్లిపోయినప్పుడు కడుపుతో ఉంది. ఎవుడిదో సెప్పమని ఓ తన్ను తన్నానని ఎల్లిపోయింది. నలుగురిలో నా మొహం ఎలగ పెట్టుకోవాలి? నవ్వుతంది కదా, ఆ నోరే ముందు కోస్తాను. ఏ ఇల్లు?"

"నాకు తెల్దన్నా."

"ఏ ఇల్లు?"

"నిజంగా తెల్దు. మా అమ్మ మీద ఒట్టు."

"సరే."

"అమ్మా... అమ్మోయ్... దుర్గా, ఏలు... నా ఏలు..."

"అరవకు. సిటికెనేలేరా. ఇంకా నాలుగున్నాయి. దుర్గా, ఇప్పుడు గేపకం వొచ్చిందా?"

"సెప్తాను. ఎత్తు. ముందు కట్టరెత్తు, సెప్తాను. మాకవరపాలెంలో బస్సు దిగి జీడితోటల వైపు ఎల్లాల. తోటల చివర పెంకుటిల్లు. పక్కన బెల్లం వండే పాక ఉంటాది. ఆ వైపు ఇంకో ఇల్లు నేదు."

"ఎవులితో ఉంటంది?"

"ఒక్కర్తే. పగలు తలుపులు బిగించుకునే ఉంటాది. వెనక తలుపుకి గడియ నేదు."

"నీకింత తెలుసా?"

"సామాన్లు అందించడానికి ఎల్తాను. అన్నా, నీకు దండం పెడతాను. ఆవిణ్ణేటీ సెయ్యకు."

"నానెల్లేలోగా అక్కడికి ఫోనెల్లిందంటే, తిరిగొచ్చి ఈడివి మిగతా నాలుగూ తీస్తాను. తరవాత నీవి."

"సెయ్యను. సెయ్యను అన్నా."

"షట్టరెత్తు."

"ఎల్లిపోయాడు సోమేసూ. బండి మలుపు తిరిగీసింది. సెయ్యి పైకెట్టు. ఇంకా పైకి. ఈ తువ్వాలు గట్టిగా అదుము."

"నా ఏలెక్కడ?"

"తీసాను. గుడ్డలో సుట్టాను. ఆటో పిలిసి ఆస్పత్రికి ఎల్లిపోదాం."

"ఎల్దాం సరే. ఆడు మోటారుసైకిల్ మీద ఎల్తాడే. అరగంట పట్టదు. ఫోను సెయ్యి."

"ఆడేటన్నాడో ఇన్నావు కదా."

"ఇన్నాను. నా ఏళ్లు పోతే పోయాయి. ఆవిణ్ణి పారిపోమను. సెప్పదలుసుకుంటే ముందే సెప్పాల్సింది, నేదంటే నా సెయ్యంతా పోయినా సెప్పకుండా ఉండాల్సింది. ఇదేటి దుర్గా? నా ఏలూ పోయింది, ఆవిడ పేణమూ పోతంది."

"ముందే సెప్తే ఆడు నమ్మడు."

"ఏటన్నావు?"

"నన్ను తిట్టు. సచ్చేదాకా తిట్టు. నిన్ను పట్టుకుంటాడని అనుకోనేదు సోమేసూ. నన్నే పట్టుకుంటాడని లోపల కూకున్నాను. ఉండు, ఫోను కలిసింది. అలో. దేవుళ్లన్నా? బయలుదేరాడు. ఒక్కడే. వెనక తలుపులోంచి వొస్తాడు. అలాగే."

"దేవుళ్లెవులు?"

"లోవలక్ష్మి పెద్దన్న. అన్నదమ్ములు ముగ్గురూ పడవలు కట్టీసి వొచ్చి, వారమై ఆ ఇంట్లో ఉన్నారు. మా ఊరోళ్లే. సముద్రం ఒడ్డున మా ఇళ్లు పక్కపక్కనే."

"అంటే... ఆ పేరు నువ్వు కావాలనే రాసావా?"

"జోగులొస్తాడని తెలిసి, నిన్న పొద్దున్నే రాసాను. తేదీ కూడా మార్చీసాను. అది పాత పెళ్లి ఫోటో. లోపల మారిస్తే నీ దగ్గరా మారిపోతాది కదా."

"ఆడు సెడ్డోడే, కాదన్ను. కానీ ఆ ముగ్గురి సేతికి సిక్కితే ఆడు బతకడు కదే."

"బతకడు."

"తప్పించుకుంటే? తప్పించుకుని ఆవిడ ఎక్కడుందో అక్కడికి ఎల్తే? ముందు ఆవిణ్ణి ఎక్కడైనా బేగి దాచమను, దుర్గా."

"దాచీసాం. ఆడు తన్నిన వారానికే, కడుపులో బిడ్డతో పాటు ఇసకలో దాచీసాం."