మూరెడు పోగులు

ధర్మవరంలో ఒక నేతగాడి ఇల్లు. అతని భార్య పోయి నాలుగు నెలలైంది. పరిగిలో సేద్యం చేసుకునేవాళ్ళ ఇంటి నుంచి వచ్చిన కోడలు ఇల్లు సర్దుతోంది. బయటి నుంచి వచ్చిన మామ మగ్గం ముందు నిలబడిపోయాడు.

"అంతా ఒకేసారి పెట్టుకుంటే గుండె జారిపోతాది మామా. అందుకే దినానికొక మూల సర్దుతాండా. నిన్న అటక, ఈ పొద్దు మగ్గం."

"అటకంతా పారేసినా నేనేమన్లేదు. మగ్గం జోలికి ఎవురు పొమ్మన్యారు?"

"ఏమీ కదిలించలేదు మామా. మూరెడు పోగులు వేలాడుతాంటే, దుమ్ము పట్టినాయని కోసి చెత్తలో ఏసినా."

"కోసినావా?"

"చీర నేసి ఇచ్చేస్తిరి గదా. అవి మిగిలిన పోగులే గదా?"

"కొత్త చీర పోగులు ముడేసేది వాటికేమ్మా. నాలుగు వేల పోగులు. పదకొండేండ్ల కింద మీ అత్త ఒక్కొక్కటీ దువ్వెన లాంటి ఆ అచ్చు పండ్లలోకి ఎక్కించింది. అప్పటినుంచి చీర ఎనక చీర, వాటికే ముడేసుకుంటా వచ్చినాం. ఎన్నడూ తెగలేదు."

"ఎక్కించేవాళ్ళు ఉంటారు గదా మామా, పిలుద్దాం."

"వీధికొకరు ఉండారు. ఆమె చేతి పోగులు ఎవురు తెస్తారు?"

"తెలీక చేసినా మామా. తప్పయింది."

"తెలీదని నాకూ తెలుసు. అయినా నేను మర్చేది లేదు. ఆ చెత్త యాడ?"

"ఇందాకే బండొచ్చి ఎత్తకపాయ మామా."

"అయితే మగ్గం పీకించి, కాళ్ళు పెట్టే గుంత పూడ్పించు. మంచం పట్టేంత జాగా వస్తాది నీకు."