మూడు పేర్లకు ఒకే వేలు

మూడుసార్లా అత్తా? ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, మూడుసార్లు పోయి నా సర్వేలో రక్తపరీక్ష సూదికి వేలు పెట్టినావా? ఏం మనిషివత్తా నువ్వు!

వద్దొద్దు, ఆ మాస్కు తీయొద్దు. ఆయాసం చూడు ఎట్లుండాదో. చెప్పాల్సింది చెప్పినావు గదా, ఇంగ తలూపితే చాలు. నేను మాట్లాడతా. ఇప్పుడు మాట్లాడకుంటే నాకు పిచ్చి పట్టేటట్టుండాది.

లేవి పెండ్లాము పేరు పిలిస్తే నువ్వే. సుంకప్ప పెండ్లాము పేరు పిలిస్తే నువ్వే. ఉరుకుందప్ప కూతురి పేరుకీ నువ్వే. ఫిబ్రవరిలో వాళ్లు ముగ్గురూ యాడుండారు? గుంటూరు పక్క మిరపకాయలు కోస్తాండారు. సుగ్గికి, కూలికి వలస పోయినారు, ఊర్లో లేరు అంటే అయిపోయేది. నేను లేరని రాసుకునేదాన్ని. అంత మాట అనేదానికి నీకు నోరు రాలేదా?

ఆఁ, తెలుసులే. లేరంటే పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేస్తే రేపు వచ్చేది రాకుండా పోతాది. మనూర్లో ఇది ఇప్పటిది కాదు. పోయినోళ్ల పేరు ఉన్నోళ్లు కాపాడల్ల. మీటింగులో చెయ్యెత్తమంటే వాళ్ల బదులు మనమెత్తల్ల. చర్చిలో స్త్రీల సమాజం హాజరు పిలిస్తే పక్కనున్నోళ్లు పలకల్ల.

నన్ను మాత్రం నువ్వు అట్ల కాపాడలేదా? మూడో తరగతిలో అమ్మా నాయనతో పాటు నేనూ మిరపకోతకు పోతే, మూడు నెల్లు బడి రిజిస్టరులో నా పేరెట్ల నిలబడె? నువ్వు పోయి అయివారి కాడ చేతులు కట్టుకోని, "రేపొస్తాది సార్, జ్వరం సార్" అని మూడు నెల్లు ఒకే జ్వరం చెప్పినావంట. అయివారే నాకు చెప్పి నవ్వినాడు. ఆ పేరుతోనే గదా నేను ఈ పొద్దు డాక్టర్ మహిమ అయింది. కాదనను.

కానీ అత్తా, అది పేరు. ఇది రక్తం. ఇద్దరి రక్తం ఒకటైతాదా? నీ రక్తం ముగ్గురిదైతాదా?

నవ్వొద్దు. నవ్వితే దగ్గొస్తాది.

ఆ రక్తం లెక్కలతో నేను పోస్టరు చేస్తి గదా, నీకు పోస్టరంటే గోడకంటించే సినిమా పోస్టరే తెలుసు. ఇది డాక్టర్ల పోస్టరు. నాలుగడుగుల ఫ్లెక్సీ. ఆలూరు పక్క ఒక పల్లెలో రెండొందల మంది ఆడోళ్లలో రక్తం ఎంత తక్కువుండాదీ, ఎందుకు తక్కువుండాదీ అని బొమ్మలేసి, లెక్కలేసి రాసింది. కింద నా పేరు. దాని పక్కన ఓబుళేశు సార్ పేరు. నా చదువుకు గైడు ఆయనే. నేను రాయాల్సిన థీసిస్సూ ఆ రెండొందల మంది మీదనే. అది పోతే పరీక్ష పోతాది, పరీక్ష పోతే సీటుకి అర్థమే లేదు. అర్థమైతాందా?

మొన్న కడప కాన్ఫరెన్సులో నూటపది పోస్టర్లు పెట్టినారు. అందరూ నా ఈడోళ్లే. కొత్త చీరలు, కొత్త కోట్లు. ఒక్కొక్కరికి అయిదు నిముషాలు. ఒక జడ్జి సారు, ఆదోని పక్కాయన, నా ఫ్లెక్సీ మొత్తం చదివి, "ఏమ్మా, ఫిబ్రవరిలో చేసినానంటాండావు. ఆ నెలలో మా పక్క పల్లెల్లో కుక్కలు తప్ప మనుషులు దొరకరే. నీకు రెండొందలకు రెండొందల మంది ఎట్ల దొరికినారు?" అనె.

నేనేం చెప్తినో తెలుసా? "మా అత్త ఉండాది సార్" అంటి.

అందరూ నవ్విరి. ఆయనా నవ్వె. "అట్లాంటి అత్త అందరికీ ఉండల్ల" అనె. సాయంత్రం స్టేజీ మీదకి పిలిచి నాకే మొదటి బహుమతి ఇచ్చిరి. ఆ సర్టిఫికెట్టే గదా నువ్వు ఆలూరికి పోయి లామినేషన్ చేయించుకోని, చర్చిలో పాస్టరయ్య వెనక గోడకి తగిలించింది!

ఫోను మోగనీ. ఓబుళేశు సారే. పొద్దున్నుంచి నాలుగోసారి. దీన్ని ఢిల్లీ కాన్ఫరెన్సుకు పంపాలంట, నా సంతకం కావల్లంట. ఆయప్ప మంచోడే. సంతోషంలో ఉండాడు. ఏం చెప్పేది ఆయనకి?

ఆ మాట వదిలెయ్. నీ సంగతి చూద్దాం.

పొద్దున నిన్ను ఆటోలోంచి దించి ఈ వార్డులో పండబెట్టినప్పుడు నీ రక్తం నాలుగున్నర. పన్నెండు ఉండాల్సిన చోట నాలుగున్నర. డ్యూటీలో శివాని ఉండాది, నా బ్యాచే. చూసి అదిరిపాయె. "మహిమా, నీ ప్రైజు సర్వేలో మీ అత్త కూడా ఉండాదంటివి గదా. అప్పుడెంతుండె? చూపియ్" అనె. ఫోను తీసి లిస్టు చూపిస్తి. విశ్వాసమ్మ, యాభై ఆరేండ్లు, పదకొండు పాయింటు ఎనిమిది.

అది నీది కాదు. పక్కింటి రామలక్ష్మమ్మది. "నీ వేళ్లు మూడు పొడిపించుకుంటివి గదక్కా, నీ పేరుకి నా వేలు పెడతాలే" అని పోయి కూర్చునిందంటివి ఇప్పుడే. ఏం స్నేహాలు మీవి! ఒకరికొకరు అన్నం పెట్టుకున్నట్టు రక్తం పెట్టుకున్నారు.

శివాని పాపం ఏం చేస్తాది? మూడు నెల్ల కింద పదకొండుండింది ఇప్పుడు నాలుగంటే, లోపల యాడో రక్తం కారిపోతాంది అనుకునె. ఎవరైనా అట్లే అనుకుంటారు. అందుకే బాటిలు మీద బాటిలు తొందరగా ఎక్కియ్యమని రాసె.

నీకు కారిపోలేదత్తా. నీది ఏండ్ల నుంచి కొంచెం కొంచెం తగ్గిన రక్తం. అట్లాంటోళ్లకు మెల్లగా, బొట్టుబొట్టు ఎక్కియ్యల్ల. తొందరపడితే గుండె తట్టుకోదు. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు చేరతాయి. ఇది రెండో బాటిలు. పొద్దున నీకు ఇంత ఆయాసం లేదు. నాకు కనపడతాండాది, నేను డాక్టర్నే గదా. రెండుసార్లు ఈ గొట్టం మీది చక్రం తిప్పి నేనే తగ్గిస్తి. రెండుసార్లూ సిస్టరొచ్చి, "మేడం రాసింది ఇట్ల కాదు" అని మళ్ల పెంచిపాయె. అదో, ఇప్పుడు మళ్ల తగ్గిస్తాండా. దొంగమాదిరి తగ్గిస్తాండా.

శివానికి ఒక్క మాట చెప్తే చాలు. ఆ ఒక్క మాట చెప్పలేక ఈ చక్రం తిప్పుతాండా. ఆ నంబరు తప్పంటే ఇంకెన్ని తప్పులని అడుగుతాది. నీ మాదిరి ఇంకెంతమంది వేళ్లు పెట్టినారో నాకు నిజంగా తెలీదు. అడిగితే తెలుస్తాదని నేను అడగలేదు.

ఏందత్తా, మాస్కు పక్కకి జరిపి ఏందో అంటాండావు, మాత్రలా? ఏ మాత్రలు?

ఏప్రిల్లో నేను పంపిచ్చిన ఐరన్ మాత్రలా? మూడు సంచులూ? యాడుండాయి?

డబ్బాలోనా! ఒక్కటీ మింగలేదా?

వాళ్లవి వాళ్లకేనా... లేవి పెండ్లాము ఇంకా రాలేదని దాచిపెట్టినావా? సుంకప్ప పెండ్లాముది సుంకప్ప పెండ్లాముకే ఇచ్చినావా? మొన్న ఆస్పత్రికొస్తే నేనే చూస్తి, దానికి పన్నెండున్నరుందత్తా రక్తం! దానికెందుకా మాత్రలు? యేసయ్యా! రక్తమిచ్చేకాడ ముగ్గురి పేర్లూ నీవే. మింగేకాడ మాత్రం పరాయి సొమ్ము ముట్టుకోవా?

ఆగు. ఏడ్చేది నువ్వు కాదు, నేను.

ఒక మాట చెప్పల్ల నీకు. ఆ సంచుల మీద వాళ్ల పేర్లు రాసి నీ చేతికే ఎందుకు పంపిస్తి? ఆశా వర్కరుండాది గదా, ఆమెకివ్వచ్చు గదా? నీకెప్పుడూ అనుమానం రాలేదా?

నువ్వే మింగుతావనుకుంటి. నీ పేరుతో ఇయ్యలేకపోతి. నీకు రక్తం బాగుండాదని నా చేత్తో రాసుకుంటి గదా.

అవునత్తా. నాకు తెలుసు. ఇందాక నువ్వు చెప్తాంటే "మూడుసార్లా" అని నోరు తెరిస్తి చూడు, అదంతా నాటకం. నాకు ఆ పొద్దే తెలుసు.

చర్చి వరండాలో చీర అడ్డం కట్టుకోని సూది గుచ్చింది నర్సమ్మే. నేను ఇవతల కూర్చోని పేరూ నంబరూ రాస్తాంటి. లేవి పెండ్లాము, ఆరు పాయింటు రెండు. సుంకప్ప పెండ్లాము, ఆరు పాయింటు రెండు. మూడోది వచ్చె, ఆరు పాయింటు ఒకటి. నాకు చెయ్యి ఆగె. తలెత్తి చూస్తి. నువ్వు చీర పక్కనుంచి బయటికొస్తాండావు, వేలికి దూది నొక్కి పట్టుకోని. నన్ను చూసి నవ్వితివి. మా పాప పని అయితాంది అనే నవ్వు.

లేచి నిన్ను కూర్చోబెట్టాల్సింది నేను. ఆరంటే ఏందో నాకు తెలుసు. ఆ పొద్దే నిన్ను కర్నూలికి తీసుకరావాల్సింది. కానీ పోస్టరు పంపేదానికి గడువు నాలుగు రోజులుండె. రెండొందలకు ఒక్కటి తగ్గినా ఒప్పుకోనని సార్ అనిండె. తల దించుకోని రాస్తి. తర్వాత నీ పేరుకి పదకొండు పాయింటు ఎనిమిది వచ్చె. అదీ రాస్తి.

మూడు నెల్లు కక్కలేక మింగలేక తిరుగుతాండా. నిన్న రాత్రి నాయన ఫోను చేసి, "మీ అత్త మెట్లెక్కలేక కూలబడింది" అన్నప్పుడు నాకు ఆశ్చర్యం కూడా కాలేదు.

అదో, శివాని వస్తాంది. రెండో బెడ్డు కాడుండాది. తర్వాత మనదే.

ఏందత్తా, తల అడ్డంగా ఊపుతాండావు? చెప్పొద్దా? నా పేరు కొట్టేస్తారనా? ఆదివారం చర్చిలో సన్మానం పెట్టుకున్నారు, ఫ్లెక్సీ కొట్టించినారు, అందుకా? ఊపిరాడకుండా పండుకోని కూడా నీకు పేరే కావల్లనా?

ఇంత బలం యాడిది నీకు? చెయ్యి వదులు. అత్తా, వదులు. నొప్పి పెడతాంది. ఈసారి నేను లేననే చెప్పు, ఊర్లోనే లేననుకో. వదులు.

శివానీ! ఆ బాటిలాపు ముందు. ఆపి నా మాట విను. పొద్దున నీకు చూపిచ్చిన నంబరు మా అత్తది కాదు. తెలిసే చూపిస్తి.